వేసవి సెలవుల్లో గేమ్ లైవ్ పెడుతున్నారా? క్యాప్చర్ కార్డు తగిలించే ముందు ఇవి చూసుకోండి

గేమ్ కన్సోల్ బొమ్మను కంప్యూటర్‌లోకి పంపే చిన్న పెట్టె క్యాప్చర్ కార్డు. అది ఇంటికొచ్చిన రోజే లైవ్ పెట్టకండి. మా పిన్ని కొడుకు పోయిన మే నెలలో సరిగ్గా ఆ పనే చేశాడు. మధ్యాహ్నం పార్సిల్ వచ్చింది, సాయంత్రం ఆరింటికి లైవ్ అని వాట్సాప్ గ్రూపులన్నిట్లో చెప్పేశాడు. ఆరయ్యేసరికి కంప్యూటర్ తెర నల్లగా ఉంది. "అన్నా, నాకు డూప్లికేట్ కార్డు అంటగట్టారు" అని ఫోన్. కార్డు నిక్షేపంలా ఉంది. వాడి గేమ్ కన్సోల్ పీఎస్ 5లో హెచ్‌డీసీపీ అనే తాళం ఆన్‌లో ఉంది, అంతే.

మన దగ్గర చాలామంది ఈ సరదా మొదలుపెట్టేది వేసవి సెలవుల్లోనే. కరెంటు, ఎండ, ఉరుములు మనతో ఆడుకునేదీ అప్పుడే. నేను చూసినంతలో కార్డు వల్ల పాడైన లైవ్‌లు తక్కువ, దాని చుట్టూ ఉన్నవాటి వల్ల పాడైనవే ఎక్కువ. అందుకే కార్డు సంగతి ముందు తేల్చేసి, మిగతావాటి దగ్గర కాస్త ఆగుదాం.

నల్ల తెర

కన్సోల్ నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ వైరు కార్డు 'ఇన్'లోకి, కార్డు 'అవుట్' నుంచి ఇంకో వైరు టీవీలోకి, యూఎస్‌బీ వైరు కంప్యూటర్‌లోకి. మొదటి రెండూ తారుమారు చేసి గంటసేపు తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకడిని. కార్డు మీద అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, టార్చ్ వేసి చూడండి.

హెచ్‌డీసీపీ అంటే సినిమాలు కాపీ కొట్టకుండా హెచ్‌డీఎంఐలో వేసే తాళం. పీఎస్ 5లో సెట్టింగ్స్, సిస్టమ్, హెచ్‌డీఎంఐ దగ్గరికి వెళ్లి 'ఎనేబుల్ హెచ్‌డీసీపీ'ని ఆఫ్ చేయాలి. ఆఫ్‌లో ఉన్నంతసేపు నెట్‌ఫ్లిక్స్ లాంటివి ఆ కన్సోల్‌లో ఆడవు. లైవ్ అయ్యాక మళ్లీ ఆన్ చేయడం మరిచిపోతే రాత్రి ఇంట్లోవాళ్ల చేత తిట్లు తప్పవు. ఎక్స్‌బాక్స్, నింటెండో స్విచ్ కన్సోళ్ల గేముల దగ్గర ఈ గొడవ లేదు. అయితే నింటెండో స్విచ్‌ను డాక్‌లో, అంటే టీవీకి కలిపే స్టాండులో పెడితేనే బొమ్మ బయటికి వస్తుంది. స్విచ్ లైట్‌కు టీవీకి ఇచ్చే దారే లేదు కాబట్టి దానికోసం కార్డు కొనకండి.

విండోస్ మాత్రం కార్డును వెబ్‌క్యామ్ అనుకుంటుంది. ప్రైవసీ సెట్టింగ్స్‌లో కెమెరా అనుమతి ఆపేసి ఉంటే ఓబీఎస్‌లో, అంటే లైవ్ పంపడానికీ రికార్డు చేయడానికీ వాడే ప్రోగ్రామ్‌లో ఏమీ కనిపించదు. వేరే ప్రోగ్రామ్ కార్డును పట్టుకుని కూర్చున్నా చాలాసార్లు అదే పరిస్థితి.

వెయ్యి, పదిహేను వందల్లో దొరికే వేలెడంత కార్డుల డబ్బా మీద '4కే' అని పెద్దగా ఉంటుంది. అది లోపలికి తీసుకోగలిగే బొమ్మ సైజు, రికార్డయ్యేది కాదు. లెక్క వేసి చూడండి. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) బొమ్మను సెకనుకు 60 ఫ్రేముల చొప్పున కుదించకుండా పంపాలంటే సెకనుకు దాదాపు 2 గిగాబిట్లు కావాలి. యూఎస్‌బీ 2.0 ఇచ్చేది మొత్తం 480 మెగాబిట్లు. అంటే ఆ కార్డు బొమ్మను బాగా పిండేసి పంపుతోందన్నమాట. క్యారమ్స్‌లా నిదానంగా సాగే ఆటకు సరిపోతుంది. కార్ రేస్‌కు వద్దు.

మంచి కార్డుకు యూఎస్‌బీ 3.0 పోర్టు ఇవ్వాలి. చాలా కంప్యూటర్లలో దాని లోపల నీలం రంగు ఉంటుంది, లేదా పక్కన 'ఎస్ఎస్' అన్న గుర్తు ఉంటుంది. ఫోన్ చార్జింగ్‌కు వచ్చిన టైప్ సీ వైరు కార్డుకూ సరిగ్గా పడుతుంది, కానీ వాటిలో చాలావరకు 2.0 వేగానివే. కార్డుతో వచ్చిన వైరుకు ఒక చుక్క రంగు పూసి విడిగా పెట్టుకోండి. ఇంకో సంగతి: 3.0 పోర్టుల నుంచి వచ్చే రేడియో గోల 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలను తికమక పెడుతుంది. లైవ్ మొదలవగానే వైర్‌లెస్ మౌస్ గంతులేస్తే మౌస్‌ను తిట్టకండి. దాని రిసీవర్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరం జరపండి.

జివ్వుమనే కంప్యూటర్

ఇక్కడ మాత్రం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే పోతే పోయేది కన్సోల్.

కంప్యూటర్ క్యాబినెట్ వెనక ఇనుప రేకు మీద చేతి వెనక భాగం ఆనించినప్పుడు సన్నగా జివ్వుమంటుందా? మా ఇంట్లో ముందు కనిపెట్టింది అమ్మ. ఊడుస్తూ చెయ్యి తగిలి "ఇదేంట్రా, చీమలు పాకినట్టుంది" అంది. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పితే ఆకుపచ్చ ఎర్త్ వైరు కోసి, ఇన్సులేషన్ టేపు చుట్టి, బోర్డు లోపల మూలకు తోసి ఉంది. మూడో రంధ్రం ఉత్త అలంకారం.

ఎర్త్ లేకపోతే ఏమవుతుందంటే, కంప్యూటర్ పవర్ సప్లైలో ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఇనుప డబ్బా మీద మెయిన్స్‌లో దాదాపు సగం వోల్టేజీ తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనకు జివ్వుమనడంతో సరిపోతుంది. పీఎస్ 5 ప్లగ్గు రెండు పిన్నులదే, దానికి ఎర్తే లేదు. టీవీకి డిష్ కేబుల్ ఇంకో వైపు నుంచి వస్తుంది. ఈ మూడింటినీ కలిపే వంతెన మీ క్యాప్చర్ కార్డు. అన్నీ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ వైరు గుచ్చితే ఆ తేడా అంతా ఆ చిన్న పోర్టులోంచే దూకవచ్చు. పోర్టు వెనక ఉండే చిప్ దాన్ని తట్టుకోలేదు. 'నిన్నటిదాకా బాగానే ఉంది, వైరు మార్చగానే బొమ్మ పోయింది' అని రిపేర్ షాపుకు వచ్చే కన్సోళ్లలో ఈ బాపతువి ఉంటాయి.

కాబట్టి ముందు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. త్రీపిన్ ప్లగ్గు పట్టడం లేదని లావు పిన్ను విరగ్గొట్టే అలవాటు ఉంటే మానేయండి. కన్సోల్, టీవీ, కంప్యూటర్ మూడూ ఎర్త్ ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకోండి. హెచ్‌డీఎంఐ తీసినా పెట్టినా అన్నిటి స్విచ్‌లూ గోడ దగ్గరే ఆపండి, రిమోట్‌తో ఆపితే చాలదు. డిష్ వైరును టీవీ నుంచి ముందే ఊడదీయండి.

ఎండ, ఉరుము, కోత

పీఎస్ 5ను 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని సోనీ చెబుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో పై అంతస్తు గదిలో మధ్యాహ్నం మూడింటికి ఎంత ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున్నో, రాత్రి తొమ్మిది దాటాకో పెట్టుకోండి. కన్సోల్ వేడిగాలి వెనక నుంచి వదులుతుంది. క్యాప్చర్ కార్డును సరిగ్గా అక్కడే వేలాడదీసేవాళ్లే ఎక్కువ, ఎందుకంటే వైరు పొట్టిది. కార్డు కూడా బాగానే వేడెక్కుతుంది. రెండు గంటల తర్వాత బొమ్మ ఆగి ఆగి వస్తోందంటే కార్డును ముట్టుకుని చూడండి. పక్కకు జరిపి, కింద చెక్క ముక్క పెట్టి, ఫ్యాన్ గాలి తగలనివ్వండి.

మధ్యాహ్నమంతా మండి సాయంత్రం ఒక్కసారిగా మబ్బు పట్టి ఉరిమే రోజులివి. స్పైక్ గార్డు పిడుగును ఆపదు, ఆపుతుందని డబ్బా మీద రాసినా సరే. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారు చేసిన 'దామిని' యాప్ దగ్గర్లో పిడుగుల సూచన ఉంటే ఫోన్‌కు చెబుతుంది, అది పెట్టుకోండి. ఉరుము వినపడితే "ఐదు నిమిషాలు ఫ్రెండ్స్" అని ఆటను సాగదీయకండి. సేవ్ చేసి, ఆపి, ప్లగ్గులూ డిష్ వైరూ పీకేయండి. చూసేవాళ్లు అర్థం చేసుకుంటారు. వాళ్లింట్లోనూ ఉరుముతూనే ఉంటుంది.

కరెంటు కోతకు ఇన్వర్టర్ ఉందని ధీమాగా ఉండొద్దు. కరెంటు పోయి బ్యాటరీ మీదికి మారే ఆ లిప్తలోనే కంప్యూటర్ ఆరిపోవచ్చు. చాలా ఇన్వర్టర్లకు వెనక 'యూపీఎస్', 'ఎకో' అని చిన్న స్విచ్ ఉంటుంది, యూపీఎస్ వైపు తిప్పండి. వైఫై డబ్బాను మరిచిపోకండి. కంప్యూటర్, కన్సోల్ వెలుగుతూ ఉండి నెట్ పోతే ఆ లైవ్ చీకట్లో కన్నుగీటినట్టే.

నా సొంత నష్టం ఒకటి. మూడు గంటల ఆట, చివరి బాస్‌ను మొదటిసారి కొట్టాను. ఓబీఎస్‌లో ఎంపీ4 అనే వీడియో ఫైలు రకంలో రికార్డు చేస్తున్నాను. కరెంటు ఇలా పోయి అలా వచ్చింది. ఫైలు ఉంది, సైజు కూడా ఉంది, ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోదు. మామూలు ఎంపీ4కు విషయసూచిక లాంటిది ఆఖర్న రాస్తారు, మధ్యలో ఆగితే అది ఉండదు. ఎంకేవీ అనే ఇంకో రకంలో రికార్డు చేస్తే కరెంటు పోయిన క్షణం దాకా ఉన్నది దక్కుతుంది. తర్వాత ఓబీఎస్ ఫైల్ మెనూలోని 'రీమక్స్ రికార్డింగ్స్'తో నిమిషాల్లో ఎంపీ4 చేసుకోవచ్చు, నాణ్యత తగ్గదు.

సెకనుకు 40 మెగాబిట్ల నాణ్యతతో రికార్డు చేస్తే గంటకు 18 జీబీ. పాత పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే ఒక ఫైలు 4 జీబీ దాటదు, అంటే 14 నిమిషాలకే కథ కంచికి. లైవ్‌కు సెకనుకు 6 మెగాబిట్లు పెట్టుకుంటే గంటకు 2.7 జీబీ నెట్ వెళ్తుంది. హాట్‌స్పాట్ మీద ఆధారపడేవాళ్లు రోజువారీ డేటాను దీంతో పోల్చుకోండి. స్పీడ్ టెస్టులో డౌన్‌లోడ్ చూసి మురిసిపోవద్దు, అప్‌లోడ్ అంకె మీరు పెట్టిన దానికి కనీసం రెట్టింపు ఉండాలి. అదీ లైవ్ పెట్టబోయే వేళకే కొలవండి. పొద్దున్న పదింటి అంకె రాత్రి తొమ్మిదికి పనికిరాదు.

చెవి, కన్ను

కంప్యూటర్‌లో కనిపించే బొమ్మను చూస్తూ ఆడొద్దు, అది ఆలస్యంగా వస్తుంది. టీవీలో చూసి ఆడండి, దానికోసమే 'అవుట్' ఉంది.

హెడ్‌సెట్‌ను కంట్రోలర్‌కు గుచ్చి, పీఎస్ 5లో మొత్తం ధ్వని హెడ్‌సెట్‌కే వెళ్లేలా ఉంటే హెచ్‌డీఎంఐలో ధ్వని ఆగిపోతుంది. మీకు అన్నీ వినపడుతుంటాయి, చూసేవాళ్లకు మూకీ సినిమా. హెడ్‌ఫోన్‌ను టీవీకో మానిటర్‌కో ఉన్న చిన్న జాక్‌లో పెట్టుకోవడం అన్నిటికన్నా తేలిక. కన్సోల్‌లో ధ్వనిని లీనియర్ పీసీఎం, స్టీరియోలో ఉంచండి. డాల్బీ ఇస్తే చాలా కార్డులు నోరు మూసుకుంటాయి. రంగులు వెలిసిన చీరలా కనిపిస్తే హెచ్‌డీఆర్ ఆపి చూడండి.

మైకు ఆన్‌లో ఉండగా హాల్లో నాన్నగారు పాటలు పెడితే అవీ రికార్డవుతాయి. యూట్యూబ్ కంటెంట్ ఐడీ ఆ పాటను పట్టుకుని వీడియో మీద క్లెయిమ్ పెట్టగలదు. గేముల్లో వచ్చే అసలు పాటలకూ ఇదే వర్తిస్తుంది. కొన్ని గేముల్లో అలాంటి పాటలు ఆపే ఆప్షన్ ఉంటుంది, ముందే వెతికి ఆపండి.

తెర మీద పడకూడనివి

కన్సోల్‌లోంచే నేరుగా లైవ్ పెడితే హోమ్ స్క్రీన్ లాంటివి అదే దాచిపెడుతుంది. క్యాప్చర్ కార్డుకు ఆ విచక్షణ లేదు. హెచ్‌డీఎంఐలో వచ్చిందల్లా పంపేస్తుంది: మీరు ఒక్కో అక్షరం కొడుతున్న పాస్‌వర్డ్, స్టోర్‌లో మీ మెయిల్ ఐడీ, స్నేహితుడు పంపిన మెసేజ్. అందుకని ఓబీఎస్‌లో 'ఇప్పుడే వస్తా' అని ఒక బొమ్మతో విడి సీన్ చేసుకుని, దానికి ఒక్క నొక్కుతో వచ్చే హాట్‌కీ పెట్టుకోండి. సెట్టింగ్స్‌లోకి వెళ్లే ముందు చెయ్యి దాని మీదికి పోవాలి. కన్సోల్ నోటిఫికేషన్లు ఆపండి. స్ట్రీమ్ కీ, అంటే మీ చానల్‌కు లైవ్ పంపే రహస్య కోడ్ ఎవరికైనా కనిపించిందంటే మీ చానల్‌లో వాళ్లు లైవ్ పెట్టుకోవచ్చు, వెంటనే రీసెట్ చేయండి.

పిల్లలున్న ఇళ్లకు: 2025 జూలై 22 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లు యూట్యూబ్‌లో ఒంటరిగా లైవ్ పెట్టడానికి లేదు, పెద్దవాళ్లు తోడుండాలి. కొత్త చానల్‌కు లైవ్ అనుమతి రావడానికి 24 గంటలదాకా పట్టవచ్చు, అది అడిగాకే తేదీ ప్రకటించండి.

ఒక గంట ఉత్తుత్తి లైవ్

అసలు రోజుకు ముందు, అదే గదిలో, అదే వేళకు, 'అన్‌లిస్టెడ్'గా (లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా) పూర్తి గంట ఆడండి. ఐదు నిమిషాల టెస్టులో వేడి తెలియదు, మాటకూ బొమ్మకూ మెల్లగా పెరిగే దూరమూ తెలియదు. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి "ఇప్పుడు నొక్కుతున్నా" అంటూ గట్టి శబ్దం వచ్చే బటన్ నొక్కండి. రెండుచోట్లా మీ మాట ఒకేంత ముందు వస్తుంటే ఓబీఎస్ ఆడియో ప్రాపర్టీస్‌లోని సింక్ ఆఫ్‌సెట్‌లో మైకును ఆ మేరకు వెనక్కి జరిపితే సరి. మొదట్లో కలిసి చివర్లో తప్పితే మైకు, కార్డు, ఓబీఎస్ అన్నీ 48 కిలోహెర్ట్జ్‌లో ఉన్నాయో లేదో చూడండి. పక్కగదిలో ఎవరినైనా మొబైల్ డేటా మీద చూడమనండి, వైఫై మీద కాదు.

మా తమ్ముడు రెండోసారి ఇవన్నీ చేశాడు. గంట ఆడి, చెమటలు తుడుచుకుంటూ వీడియో తెరిచాం. బొమ్మ అద్దంలా ఉంది, గేమ్ ధ్వని బ్రహ్మాండం. వాడి గొంతు మాత్రం మొదటి నుంచి చివరిదాకా లేదు. మైకు మీద మ్యూట్ బటన్ ఎర్రగా వెలుగుతోంది. "ఇంకో గంట ఆడాలా అన్నా?" అన్నాడు. ఆడించాను.