జీతం చెక్కు బౌన్స్ అయితే – పాఠం 3: నోటీసులో ఎంత అడగాలి?

ఈసారి కోర్టు ఫిర్యాదు మొదలుపెడదామనుకున్నాను. చెక్కు డబ్బు చెల్లించమని కంపెనీకి పంపడానికి, పోయిన పాఠంలో మీరు రాసిన నోటీసులు చూశాక ఆగాను. చాలామంది ఒకే చోట తప్పారు.

చెక్కు ₹42,000కి ఉంది. నోటీసులో మాత్రం "₹1,10,000 చెల్లించండి" అని రాశారు. పెండింగ్‌లో ఉన్న ఇంకో నెల జీతం, బోనస్, మానసిక వేదన, అన్నీ ఒకే అంకెలో కలిపేశారు. మీ కడుపుమంట న్యాయమైనదే. కానీ చెక్కు బౌన్స్‌ను నేరంగా చూసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద అడగాల్సింది ఆ చెక్కు మొత్తాన్నే. చెక్కు మీద 42,000 ఉంటే నోటీసులోనూ 42,000. 43,000 అని రాసినా కేసు పోతుంది. టైపింగ్ పొరపాటు అన్నా ఒప్పుకోమని 2025లో సుప్రీంకోర్టు తేల్చేసింది. వడ్డీ, లాయరు ఖర్చు కావాలంటే చెక్కు మొత్తం స్పష్టంగా రాశాక, విడిగా ఇంకో పేరాలో అడగండి. నేనైతే అదీ రాయను. మిగతా బకాయిలకు కార్మిక శాఖ ఉంది, దానికి వేరే కాగితం పెట్టుకోవచ్చు.

ఇప్పటికే తప్పు నోటీసు పంపినవాళ్లు కంగారు పడకండి. బౌన్స్ సంగతి బ్యాంకు తెలిపిన రోజు నుంచి 30 రోజులు దాటకపోతే, సరైన అంకెతో ఇవాళే ఇంకోటి పంపండి. దాటిపోతే చెక్కు తేదీ చూడండి. మూడు నెలల గడువు మిగిలుంటే మళ్లీ బ్యాంకులో వేయండి. మళ్లీ బౌన్స్ అయితే కొత్త మెమోతో (చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు ఇచ్చే కాగితం) కొత్తగా 30 రోజులు వస్తాయి. 2012లో సుప్రీంకోర్టే దీనికి దారి ఇచ్చింది.

నోటీసు స్పీడ్ పోస్ట్‌లో, కంపెనీ పేరుతో పాటు చెక్కు మీద సంతకం పెట్టినవారి పేరుకూ పంపండి. ట్రాకింగ్‌లో డెలివరీ తేదీ ఉన్న పేజీ ప్రింట్ తీసి పెట్టుకోండి, లెక్కంతా దాని మీదే నడుస్తుంది. నోటీసు వాళ్లకు అందాక 15 రోజులు ఆగాలి. అవి పూర్తిగా గడవకముందే వేసిన ఫిర్యాదు చెల్లదు. గడిచాక నెలలోపు వేయాలి. సరైన కారణం ఉంటే ఫిర్యాదు ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చు, నోటీసు ఆలస్యాన్ని మన్నించదు.

అభ్యాసం: మెమో మార్చి 4న మీ చేతికొచ్చింది. నోటీసు మార్చి 20న పంపారు, కంపెనీకి 24న అందింది. ఏప్రిల్ 6న సగం డబ్బు మీ ఖాతాలో వేశారు. ఫిర్యాదు ఏ రోజు నుంచి వేయొచ్చు? మిగతా సగానికి కేసు నిలుస్తుందా? కారణంతో సహా రాసి పంపండి.