చేతితో పుస్తకం కట్టే ముందు చూసుకోవలసినవి

మొదట కాగితం పోగు, అంటే అందులోని నార సాగిన దిక్కు, ఎటు ఉందో తేల్చుకోండి. షీటును అటూ ఇటూ మెల్లగా వంచితే ఒక దిక్కున సులువుగా లొంగుతుంది. పుస్తకం వెన్ను సులువుగా లొంగిన ఆ వంపు గీత వెంటే రావాలి. తప్పితే జిగురు తడికి పుటలు అప్పడాల్లా వంకర పోతాయి.

నీటిరంగులు వేసే పుటలకు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాగితం. కొలాజ్ (ముక్కలు అంటించిన) పుటలుంటే కుట్టు దగ్గర సన్నని కాగితపు పట్టీలు ఇమడ్చండి, లేకుంటే పుస్తకం నోరు మూయదు.

అట్టకు శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ వాడుతున్నారా? ఒక మూల తడిపి, తెల్లగుడ్డతో అద్ది, రంగు దిగుతుందేమో చూడండి. గుడ్డ వెనుక ముందుగా పలుచని కాగితం అంటించి ఆరనివ్వండి. ఇది బద్ధకించి నేను నేరుగా జిగురు పూశాను. అది గుడ్డ మీది నెమలి బొమ్మ మెడ మీదికి ఊరి, ఎండిన గంజి మరకలా ఉండిపోయింది. ఇనుప తుక్కు, బెల్లం పులియబెట్టి తీసే కసిమితో, అంటే కలంకారీ నల్లరంగుతో, కాగితం మీదే గీయాలని సరదా పడకండి. అది ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది.

మైదా జిగురులో మైలుతుత్తం కలిపితే అది విషమే. వంటగిన్నె, పిల్లలు రెండూ దూరంగా ఉండాలి.

బ్లేడు కొత్తది, స్కేలు ఉక్కుది. ఆరతో (కుట్టు రంధ్రాలు చేసే మొనదేలిన పనిముట్టుతో) పొడిచేటప్పుడు కింద చెక్క పలక, తొడ కాదు.

అక్రిలిక్ పుటలు ఆరినట్టే కనిపిస్తాయి. తిరుపతి మే ఎండకు మేడగదిలో ఒకదానికొకటి అతుక్కుంటాయి. మధ్యలో బటర్ పేపర్ పెట్టండి. నవంబరు వానల్లో అట్టలను రాత్రంతా బరువు కిందే ఉంచండి.