ఫ్యాటీ లివర్ అని తేలాక వంటింట్లో ముందు ఏం మార్చాలి

విశాఖ మర్రిపాలెంలో మాది చిన్న కర్రీ పాయింట్. ఈమధ్య కౌంటర్ దగ్గర తరచూ వినపడే మాట: "అమ్మా, స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ వన్ అన్నారు. నూనె లేని కూర ఏముంది?" కూర కట్టించుకున్న మనిషే పక్కన టీకొట్టులో రెండు చెంచాల పంచదార టీ, దానితో క్రీమ్ బిస్కెట్లు, ఎండగా ఉందని దారిలో ఒక కూల్‌డ్రింకు. చూస్తుంటే మనసు ఊరుకోదు. మా ఆయనకు గ్రేడ్ టూ వచ్చినప్పుడు డాక్టరుగారు చెప్పినవి, తర్వాత నేను చదివి తెలుసుకున్నవి, పొయ్యి దగ్గర చేసి చూసినవి ఇక్కడ రాస్తున్నాను. ముందు తాగే తీపి మానండి. తర్వాత నూనె రకం మార్చండి. నూనె కొలత ఆ తర్వాత.

ఈ వరస ఎందుకంటే, పంచదారలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజును ఒళ్ళంతా వాడుకుంటుంది. ఫ్రక్టోజు ఒక్కసారిగా ఎక్కువ వస్తే ఆ బరువు చాలావరకు లివర్ మీదే పడుతుంది. లివర్ దాన్ని కొవ్వుగా మార్చి, కొంత ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి పంపి, మిగిలింది తనలోనే పెట్టుకుంటుంది. దానికి తోడు పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు కూడా కరిగి అక్కడికే చేరుతుంది. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళ లివర్‌లో కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో అమెరికాలో లెక్కగట్టి 2005లో ప్రచురించారు. దాదాపు 59 శాతం ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వు నుంచి, 26 శాతం లివర్ సొంతంగా తయారుచేసుకున్నది. నేరుగా తిన్న కొవ్వు నుంచి వచ్చింది 15 శాతమే. కూరలో నూనె ఒక్కటే తగ్గిస్తే సరిపోదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఇప్పుడు మీ తీపి లెక్క మీరే వేసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినదాన్ని బట్టి, రోజుకు 2000 కేలరీలు తినేవాళ్ళకు కలిపిన చక్కెర 50 గ్రాములు దాటకూడదు, 25 లోపు ఉంటే ఇంకా మంచిది. చిన్న చెంచాకు నాలుగైదు గ్రాములు. రెండు చెంచాల టీ రోజుకు నాలుగుసార్లు తాగితే టీతోనే 32 గ్రాములు దాటిపోతుంది. మామూలు కూల్‌డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు పది, పదకొండు గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే పావు లీటరు సీసాతో ఆ 25 గ్రాముల కోటా అయిపోయినట్టే. బీచ్ రోడ్డులో తాగే చెరకు రసం, జ్యూస్ షాపులో పంచదార వేసి కొట్టే బత్తాయి జ్యూసు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పండు తినండి, జ్యూసు వద్దు. దాహమేస్తే మజ్జిగ, నిమ్మకాయ ఉప్పు నీళ్ళు.

బెల్లం సంగతి విడిగా చెప్పాలి. అనకాపల్లి మన పక్కనే, బెల్లం మనకి ఇంటి సరుకు. "పంచదార మానేసి బెల్లం వేసుకుంటున్నాం, ఇక భయం లేదు" అని ఎంతమంది అంటారో! బెల్లంలో కూడా అత్యధిక భాగం అదే చక్కెర. లివర్‌కి తేడా పెద్దగా ఏమీ లేదు. తేనె కూడా అంతే. పండక్కి మాడుగుల హల్వా ఒక ముక్క తింటే ఎవరూ పాడైపోరు, రోజూ మూడు పూటలా గ్లాసులో పోసుకునే తీపితోనే అసలు ఇబ్బంది. టీలో ఒక్కసారిగా మానలేకపోతే వారానికి అరచెంచా చొప్పున తగ్గించండి. నాలుక అలవాటు పడుతుంది. ప్యాకెట్ కొంటే వెనక "యాడెడ్ షుగర్" అన్న వరస చూడండి, 100 గ్రాములకు ఎంతో రాసి ఉంటుంది.

ఇక నూనె. స్వీడన్‌లో కుర్రవాళ్ళకి ఏడు వారాలపాటు మామూలు తిండితో పాటు అదనంగా మఫిన్లు పెట్టారు, సగం మందికి పామాయిల్‌తో, సగం మందికి పొద్దుతిరుగుడు నూనెతో చేసినవి. 2014లో వచ్చిన ఫలితం ఏమిటంటే, ఇద్దరూ దాదాపు ఒకే బరువు పెరిగినా పామాయిల్ తిన్నవాళ్ళ లివర్‌లో కొవ్వు బాగా ఎక్కువ చేరింది. ఫిన్లాండ్‌లో మరోటి, 2018లో ప్రచురించారు. మూడు వారాలు రోజుకు 1000 కేలరీలు అదనంగా ఇచ్చారు. అవి వెన్న, కొబ్బరినూనె లాంటి సంతృప్త కొవ్వులుగా ఇచ్చినవాళ్ళ లివర్ కొవ్వు 55 శాతం, చక్కెరగా ఇచ్చినవాళ్ళది 33 శాతం, అసంతృప్త కొవ్వులుగా ఇచ్చినవాళ్ళది 15 శాతం పెరిగింది. అందుకని నూనెలో రకం చాలా ముఖ్యం. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. ఇంటికి వేరుశనగ, నువ్వుల, తవుడు, పొద్దుతిరుగుడు నూనెల్లో ఏదో ఒకటి తెచ్చుకుని, నెలనెలా మార్చుకోండి. నెయ్యి మొదటి ముద్దకి ఒక చిన్న చెంచా చాలు. బేకరీ పఫ్‌లు, వనస్పతి స్వీట్లు మాత్రం పూర్తిగా మానమంటాను.

బజ్జీలు, పునుగులు బయట తినేటప్పుడు మూకుడులో నూనె రంగు చూడండి. నల్లగా, చిక్కగా, నురగ కడుతూ ఉంటే వెనక్కి వచ్చేయండి. నూనె కాగి కాగి పాడైనప్పుడు అందులో పుట్టే టోటల్ పోలార్ కాంపౌండ్లు అనే పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి ఆహార భద్రతా నిబంధన ఉంది. మా కొట్టులో వేపుడు నూనెను మర్నాటికి దాచం.

కొలతకొస్తే, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కేలరీల భోజనానికి నూనె, కొవ్వు కలిపి రోజుకు 27 గ్రాములు. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. నెల మొదట్లో అంతే కొనండి, అయిపోతే మళ్ళీ కొనకండి. ప్యాకెట్ నుంచి నేరుగా బాణలిలోకి వంచే అలవాటు మానాలి, చెంచాతోనే వేయాలి. దొండకాయ, బెండకాయ, చేమదుంప లాంటివి ముందు ఆవిరి మీద ముప్పాతిక వంతు ఉడికించి, తర్వాత ఇనప మూకుడులో రెండు చెంచాల నూనెతో వేయించండి. వేపుడు రుచి పోదు, నూనె సగమవుతుంది. ఆనపకాయ, బీరకాయలకి పోపు నూనె చాలు, వాటి నీళ్ళే వాటిని ఉడికిస్తాయి.

చేప మనకి పెద్ద వరం. హార్బర్‌లో కానాగంతలు, కవళ్ళు వంజరం కంటే చాలా చవక, వాటిలో ఒమేగా మూడు కొవ్వులు బాగా ఉంటాయి. వారానికి రెండుసార్లు పులుసు పెట్టండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నప్పుడు పప్పు, ఉలవలు, గుడ్డుతో నడిపించండి. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, రోజూ వద్దు.

అన్నం గురించి అడుగుతారు. మానక్కర్లేదు, కానీ పళ్ళెంలో సగం కూర, పావు పప్పో చేపో, పావు అన్నం. రాత్రిపూట చోడి (రాగి) అంబలి తాగుతామంటే బెల్లం లేకుండా, మజ్జిగ ఉల్లిపాయతో. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు తిండి తగ్గించే ముందు డాక్టరుకు చెప్పాలి, లేకపోతే షుగర్ బాగా పడిపోవచ్చు. భోజనమయ్యాక పావుగంట నడవండి. మద్యం తాగే అలవాటుంటే మానేయడం తప్ప నాకు వేరే సలహా లేదు. లివర్ శుభ్రం చేస్తాయని అమ్మే పొడుల జోలికి పోవద్దు, మూలికల వల్ల లివర్ దెబ్బతిన్న కేసులు ఉన్నాయి.

బరువు ఎక్కువున్నవాళ్ళకి 80 కిలోలుంటే ఐదారు కిలోలు, అంటే సుమారు 7 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వుతో పాటు వాపు కూడా తగ్గడం మొదలవుతుంది. సన్నగా ఉన్నా పొట్ట ఉంటే జాగ్రత్త పడాలి. మగవాళ్ళకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు.

స్కానింగ్‌లో గ్రేడ్ చూసి ఆగిపోకండి, లివర్ గట్టిపడుతోందా అన్నది అందులో సరిగా తెలియదు. రక్త పరీక్ష రిపోర్టుతో ఫిబ్-4 అనే లెక్క వేయచ్చు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అంటే రిపోర్టులో ఉండే లివర్ ఎంజైముల అంకెలు. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్లను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. 45 ఏళ్ళ మనిషికి ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలు, అంటే వేలల్లో చూస్తే లెక్కలో 250. పైన 1800, కింద 2000, జవాబు 0.9. 1.3 కంటే తక్కువైతే గట్టిపడే ప్రమాదం ప్రస్తుతానికి తక్కువ. 65 దాటినవాళ్ళకి ఆ గీత 2. 35 లోపువాళ్ళకి ఈ లెక్క సరిగా పనిచేయదు. మీ వయసుకి చెప్పిన గీత కన్నా ఎక్కువ వస్తే, లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ కావాలేమో డాక్టరును అడగండి. కళ్ళు పచ్చబడినా, కాళ్ళు వాచినా, పొట్ట ఉబ్బినా, నల్లటి విరేచనమైనా ఇంటి వైద్యం వద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.