దక్షిణ ఇటలీకి బృందంగా వెళ్లాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి?

1. ముందు మకాములు తేల్చుకోండి
ఎనిమిది మంది కలిసి వెళ్తే అసలు తలనొప్పి హోటల్ మారే రోజున మొదలవుతుంది. అందరి సూట్‌కేసులూ సర్దాలి, ఉన్న బాత్రూములు రెండే, పదింటికల్లా ఖాళీ చేయాలి. అందుకే పది రోజుల్లో మూడు మకాములు చాలు: నేపుల్స్, పుల్యా ప్రాంతపు పల్లెలు, మతేరా ఊరు. రోమ్, వెనిస్ కూడా కలిపేద్దామని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకున్నారా, సగం సెలవు రైళ్లలోనే పోతుంది. మే గానీ సెప్టెంబర్ గానీ మంచిది. ఆగస్టు 15 ఫెర్రగోస్తో సెలవు, ఆ చుట్టుపక్కల రోజుల్లో బీచ్‌లన్నీ కిక్కిరిసి ఉంటాయి.

2. వీసా
ఇటలీకి కావాల్సింది షెంగెన్ వీసా, అంటే చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా. దీనికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. బృందమైనా ఎవరి ఫైలు వారిదే. ఒక్కొక్కరికీ కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. అందరి వీసాలూ చేతికొచ్చేదాకా రద్దు చేసుకోగలిగే గదులే బుక్ చేయండి.

3. నేపుల్స్, పొంపే
పొంపే అంటే అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాత నగరం. లోకల్ రైలు ఆ శిథిలాల గేటు దగ్గరే దింపుతుంది. టికెట్ల మీద పేర్లుంటాయి, రోజుకు 20,000 మందినే లోపలికి పంపుతారు. కాబట్టి ముందే కొని, గేటు తీసే వేళకు చేరుకోండి. లోపల నీడ తక్కువ. తొందరపడి పెద్ద కట్టడాల వెంట పరుగెత్తకండి. వీధి రాళ్లలో బండి చక్రాలు కోసిన గాడులు, రోడ్డు దాటడానికి వేసిన ఎత్తు రాళ్లు, కుండలు దించడానికి గుంతలు తీసిన తినుబండారాల కొట్టు అరుగులు చూడండి. క్రీ.శ. 79 నాటి బజారు కళ్లకు కడుతుంది.

4. పుల్యా
బస్సులో బారి నగరం చేరి, అక్కడ కార్లు అద్దెకు తీసుకోండి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మన ఊరి ఆర్టీఓ ఆఫీసులోనే తీసుకుని బయల్దేరాలి. తొమ్మిది సీట్ల వ్యాన్ చవకే కానీ ఎనిమిది మంది ఎక్కాక సామాన్లకు చోటుండదు, పాత ఊళ్ల సందుల్లో తిరగదు. రెండు చిన్న కార్లు నయం. జెడ్‌టీఎల్ (అనుమతి లేని బండ్లు రాకూడని ప్రాంతం) అని బోర్డున్న వీధిలోకి వెళ్తే కెమెరా పట్టేస్తుంది, జరిమానా తర్వాత వస్తుంది.

సున్నం లేకుండా రాళ్లు పేర్చి కట్టిన శంకువు ఆకారపు కప్పుల ఇళ్లు అల్బెరోబెల్లోలో ఉన్నాయి. టూరిస్టు బస్సులు రాకముందే చూసేసి, బస మాత్రం పక్కనున్న లోకొరొతోందోలో పెట్టుకోండి. నాకైతే ఈ ఊరే నచ్చింది.

శాకాహారులు ఫావా చిక్కుడు గింజల ముద్ద అడగండి. మన పప్పులాగే మెత్తగా ఉంటుంది, చేదు ఆకుకూరతో వడ్డిస్తారు. ఆకుకూర పాస్తాలో మాత్రం చిన్న చేప కలుపుతుంటారు, అడిగాకే తినండి. కూర్చున్నందుకు తలకింత అని బిల్లులో వేస్తారు, వాదన పెట్టుకోకండి.

5. మతేరా
కొండను తొలిచిన గుహ ఇళ్లు. దుర్భర పరిస్థితుల్లో ఉన్నవాళ్లను 1952 చట్టంతో ఖాళీ చేయించారు. 1993లో యునెస్కో జాబితాకెక్కింది. ఇప్పుడు అవే గుహలు హోటళ్లు. అన్నీ రాతి మెట్లే, సూట్‌కేసు చక్రాలు పనికిరావు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే పైనున్న కొత్త ఊళ్లో గది తీసుకోండి.

6. డబ్బు, సమయం
తిండికి, పెట్రోలుకు ఉమ్మడి పర్సు పెట్టి ఒకరికి అప్పగించండి. షాపింగ్ ఎవరిది వారిదే. మధ్యలో ఒక పూట ఎవరి దారిన వాళ్లను పోనివ్వండి. రాత్రి ఏడున్నరకు రెస్టారెంట్ దగ్గర కలిస్తే చాలు, అంతకు ముందు చాలాచోట్ల వంటగది తెరవరు కూడా.