చిన్న పడవకి తక్కువ ధరలో ఫిష్ ఫైండర్: కొనేముందు నేను చూసుకునేవి

ఫిష్ ఫైండర్ కొత్తగా కొన్న రోజు తమ్ముడు పడవలో కూర్చుని "అన్నా, ఇక్కడన్నీ చేపలే!" అని అరిచాడు. తెర నిండా చేప బొమ్మలు. గంటసేపు గాలాలు వేసి కూర్చున్నాం, ఒక్క లాగుడు లేదు. చివరికి లంగరు పైకి లాగితే దాని కొక్కేలకి బారెడు నాచు తీగలు చుట్టుకుని వచ్చాయి. తెర మీద చేపలుగా కనబడినవి అవే.

చిన్న పడవకి ఫిష్ ఫైండర్ ఏది కొనాలని ఎవరడిగినా నేను ముందు ఇదే చెబుతాను. ఆ పరికరానికి చేప తెలియదు, ప్రతిధ్వని మాత్రమే తెలుసు. నీళ్లలో ఉండే ట్రాన్స్‌డ్యూసర్ ఒక శబ్దాన్ని కిందకి పంపి, తిరిగొచ్చేదాని కోసం వింటుంది. నీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1,500 మీటర్లు పోతుంది. 15 మీటర్ల లోతుకి వెళ్లి రావడానికి సెకనులో యాభయ్యో వంతు చాలు. చేప నుంచి వచ్చే ప్రతిధ్వనిలో ఎక్కువ భాగం దాని కడుపులోని గాలితిత్తి వల్ల వస్తుంది. సొర, టేకు చేపల్లాంటి వాటికి ఆ తిత్తి ఉండదు కాబట్టి అవి మసకగానే కనబడతాయి. నాచులో పట్టుకున్న గాలి బుడగలు మాత్రం బలంగా తిరిగొస్తాయి. అందుకే డబ్బాపై ముద్దుగా వేసిన చేప బొమ్మల్ని చూసి కొనకండి. తెర మీద ఆ బొమ్మలు ఆపేసి అసలు ప్రతిధ్వనిని చూపించే సెట్టింగ్ ఉందో లేదో అడగండి. అది లేనిదాన్ని నేను తీసుకోను.

తక్కువ ధరలో దొరికేవి మూడు రకాలు. నీళ్లలోకి విసిరే బంతి లాంటిది ఒకటి, వైఫైతో ఫోన్‌కి బొమ్మ పంపుతుంది. గట్టు మీద నుంచి గాలం వేసేవాళ్లకి అది చాలా మంచిది. పడవలో మాత్రం కష్టం. అల కింద బంతి మునిగితే సిగ్నల్ పోతుంది, ఎండలో ఫోన్ తెర కనబడదు, తడి వేలికి టచ్ సరిగ్గా పలకదు. రెండోది చేతిలో పట్టుకునే చిన్న పెట్టె, వైరు చివర తేలే ట్రాన్స్‌డ్యూసర్. లోతు, అడుగు తెలిస్తే చాలనుకునేవాళ్లకి ఇది సరిపోతుంది. మూడోది 4 నుంచి 5 అంగుళాల తెర, విడిగా 12 వోల్టుల బ్యాటరీ, పడవ వెనక అతికించే ట్రాన్స్‌డ్యూసర్. వారానికి ఒకసారైనా పడవ తీసేవాళ్లయితే ఇంకొన్నాళ్లు ఆగి అయినా ఈ మూడోదే కొనమంటాను.

తెర అంగుళాల కన్నా నిలువునా ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయో చూడండి. పది మీటర్ల లోతుని 160 పిక్సెల్స్‌లో చూపిస్తే ఒక్కో చుక్క ఆరు సెంటీమీటర్లకి పైగా ఉంటుంది. అడుగుకి ఆనుకుని ఉన్న చేప ఆ చుక్కలో కలిసిపోతుంది. 480 ఉంటే ఒక్కో చుక్క రెండు సెంటీమీటర్లే, చేపకీ అడుగుకీ మధ్య సందు కనబడుతుంది. తెరని షాపు లోపల కాకుండా ఎండలోకి తెచ్చి చూడండి. నీటి మీద మెరుపు తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకునే అలవాటుంటే అవి పెట్టుకునే చూడండి. కొన్ని తెరలు ఆ అద్దాల్లోంచి ఒక కోణంలో నల్లగా అయిపోతాయి.

ఫ్రీక్వెన్సీ మాట ఒకటుంది. శబ్దం గరాటు బోర్లించినట్టు కిందకి పోయేకొద్దీ విస్తరిస్తుంది. 200 కిలోహెర్ట్జ్‌లో చాలా పరికరాల కోణం 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆరు మీటర్ల లోతులో అది చూసేది రెండు మీటర్ల వెడల్పు వలయాన్ని. రెండు మీటర్ల లోతులో అయితే 70 సెంటీమీటర్లే. 60 డిగ్రీల కోణం ఉంటే ఆరు మీటర్ల దగ్గర దాదాపు ఏడు మీటర్లు కనబడుతుంది, కానీ ఆ చేప సరిగ్గా కిందే ఉందో, పక్కన మూడు మీటర్ల దూరంలో ఉందో తెలియదు. లోతు తక్కువ నీళ్లకి రెండు కోణాలూ మార్చుకునేది దొరికితే మంచిది. ఒకే ఫ్రీక్వెన్సీ బదులు కొంత పరిధిని పంపే చర్ప్ ఉంటే దగ్గర దగ్గరగా ఉన్న చేపలు విడివిడిగా తెలుస్తాయి. వాట్ల లెక్క పెద్దగా పట్టించుకోకండి. పీక్ టు పీక్ అని రాసిన 4,000 వాట్లూ, ఆర్‌ఎమ్‌ఎస్ అని రాసిన 500 వాట్లూ ఒకటే, ఒకే శక్తిని రెండు రకాలుగా లెక్కగట్టడమే తేడా.

అసలు ఇబ్బందంతా ట్రాన్స్‌డ్యూసర్ బిగించడంలోనే వస్తుంది. అతుక్కునే రబ్బరు కప్పుతో వచ్చేవి సులువు, అద్దె పడవకైనా పెట్టుకోవచ్చు. ముందు ఆ చోటు తుడిచి, కప్పుని తడిపి నొక్కాలి. ఒకసారి నాది దారిలో ఊడిపోయి, వైరుకి వేలాడుతూ ప్రొపెల్లర్ వైపు కొట్టుకుపోయింది. వేగం తగ్గించి ఉన్నాను కాబట్టి దక్కింది. అప్పట్నుంచి ప్రొపెల్లర్‌కి అందనంత పొట్టి తాడుతో దాన్ని పడవకి కట్టకుండా బయల్దేరను. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం నీటిమట్టానికి సమాంతరంగా, పడవ అడుగు కంటే కాస్త కిందకి ఉండాలి. ముఖం మీదుగా బుడగలు పోతుంటే తెర మీద గీతలే తప్ప ఇంకేమీ రావు. ఒకే పొర ఫైబర్‌గ్లాస్ లేదా ప్లాస్టిక్ పడవలకి లోపలి నుంచే జెల్‌తో పెట్టొచ్చు, మధ్యలో గాలి లేకపోతే చాలు. ఫోమ్ పొర ఉన్న పడవకి ఆ పద్ధతి పనిచేయదు.

బ్యాటరీ ఖర్చుని ముందే లెక్కలో వేసుకోండి, చాలాసార్లు పెట్టెలో రాదు. పరికరం అర ఆంపియర్ లాగితే, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ కాగితం మీద 14 గంటలు రావాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కన్నా కిందకి దించితే త్వరగా పాడవుతుంది కాబట్టి ఏడు గంటలే అనుకోండి. బరువు రెండు కిలోల పైనే. కయాక్ లాంటి పడవలో ఆ బరువు తెలుస్తుంది, అక్కడ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీసుకుంటే సగం దాకా తగ్గుతుంది. ఏదైనా సరే, పాజిటివ్ వైరుకి బ్యాటరీ దగ్గర్లో ఫ్యూజ్ పెట్టకుండా కలపకండి.

జీపీఎస్ లేకపోయినా ఫరవాలేదు, మంచి చోటు దొరికితే ఫోన్‌లో గుర్తు పెట్టుకోవచ్చు. నీళ్లని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు నీళ్లలో అరగంట తట్టుకుంటుంది. ఉప్పునీళ్లలో వాడితే వచ్చాక మంచినీళ్లతో కడగాలి.

కొన్నాక మొదటి రోజు చేపల కోసం వెళ్లకండి. ఐదు మీటర్ల లోతున్న, కదలని నీళ్లలో పడవ ఆపండి. మీటరు మీటరుకి ముడి వేసిన తాడుకి సీసపు గుండు కట్టి అడుగుదాకా దించి, తెర చెప్పే లోతుతో పోల్చండి. ఆ తర్వాత గుండుని పైకి లాగి, ట్రాన్స్‌డ్యూసర్ పక్కనే మళ్లీ నెమ్మదిగా దించుతూ తెర కుడి అంచు చూడండి. కొత్త ప్రతిధ్వని ఎప్పుడూ అక్కడే వస్తుంది. గుండు దిగుతుంటే ఏటవాలుగా ఒక సన్నటి గీత పడాలి. పడకపోతే సెన్సిటివిటీని, అంటే ఎంత సన్నటి ప్రతిధ్వనిదాకా చూపించాలో చెప్పే సెట్టింగ్‌ని, ఒక్కో అంకె పెంచండి. తెరంతా చుక్కలు నిండితే ఒకటి తగ్గించండి. గుండు గీత అడుగుదాకా తెగకుండా కనబడే అంకెని రాసి పెట్టుకోండి. నా పెట్టె మూత లోపల ఆ అంకె ఇప్పటికీ మార్కర్‌తో రాసే ఉంది.