జర్మనీలో చదువుకు బీమా: ఎప్పుడు, ఏది, ఎలా

సెప్టెంబరు 12న మాగ్డెబర్గ్‌లో దిగాను. సెమిస్టర్ మొదలయ్యేది అక్టోబరు 1న. విద్యార్థి ఆరోగ్య బీమా కూడా ఆ రోజు నుంచే కాబట్టి, మధ్యలోని 19 రోజులకు ప్రయాణ బీమా విడిగా కావాలి. వీసా కోసం తీసుకునేది అదే. అయితే దాన్ని చూపించి యూనివర్సిటీలో చేరడం మాత్రం కుదరదు.

చేరడానికి పబ్లిక్ ఇన్సూరెన్స్, అంటే ప్రభుత్వ చట్టం ప్రకారం నడిచే ఆరోగ్య బీమా కావాలి. టీకే, ఏఓకే, బార్మర్ వంటి సంస్థల్లో ఒకదానికి అడ్మిషన్ లెటర్, పాస్‌పోర్టు జతచేసి ఇండియా నుంచే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోండి. మీకు బీమా ఉందని తెలిపే ఎం10 అనే సమాచారాన్ని వాళ్లు నేరుగా యూనివర్సిటీ కంప్యూటర్‌కే పంపుతారు. ఈ సంగతి తెలియక నేను నాలుగు కాగితాలు ప్రింటు తీసుకుని వెళ్లాను. కౌంటర్‌లోని ఆవిడ వాటివైపు చూడనైనా లేదు.

ఖర్చు నెలకు 150 యూరోల చుట్టూ ఉంటుంది. 23 ఏళ్లు దాటి పిల్లలు లేనివారికి కాస్త ఎక్కువ. "దాదాపు పదిహేను వేలా! జ్వరమైనా రాని పిల్లవు కదే" అన్నారు మా నాన్న. కానీ బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే ఖర్చుల డబ్బు వేసి ఉంచే ఖాతా) నుంచి నెలనెలా వచ్చే 992 యూరోల్లో ముందు దీన్ని పక్కన పెట్టాల్సిందే. బాకీ పడితే బీమా సంస్థ యూనివర్సిటీకి చెబుతుంది. తర్వాతి సెమిస్టర్‌కు రిజిస్ట్రేషన్ ఆగిపోవచ్చు.

ఇక అసలు జాగ్రత్త. చవకగా వస్తుందని ప్రైవేటు పాలసీ తీసుకోమని కన్సల్టెన్సీలు చెబుతాయి. అలా చేయాలంటే పబ్లిక్ ఇన్సూరెన్స్ నుంచి మినహాయింపు రాయించుకోవాలి. ఒకసారి రాయించుకుంటే చదువు పూర్తయ్యే వరకు వెనక్కి తీసుకోలేరు. నా రూమ్మేట్ అదే పని చేసింది. రూట్ కెనాల్‌కు సొంత డబ్బు కట్టి, బిల్లు పంపితే, ఆ పన్ను నొప్పి ముందునుంచే ఉందంటూ ప్రైవేటు కంపెనీ పైసా ఇవ్వలేదు. పబ్లిక్ ఇన్సూరెన్స్‌లో విద్యార్థి రేటు 30 ఏళ్లు నిండిన సెమిస్టర్ వరకే కాబట్టి, ఆ వయసు దాటినవారు మాత్రం ప్రైవేటు గురించి ఆలోచించక తప్పదు.

చివరగా ఫోటో అప్‌లోడ్ చేస్తే బీమా కార్డు పోస్టులో వస్తుంది. గదిలో చేరిన రోజే తపాలా పెట్టెపై మీ పేరు అంటించండి. పేరు లేదని నా కార్డు ఒకసారి వెనక్కి వెళ్లిపోయింది.