ఆంగ్ల పదాల లోతుపాతులు – 9వ పాఠం: ‘ఫైన్’

గత పాఠంలో ‘ఫెయిర్’ అన్న మాటకున్న అర్థాలను విడదీసి చూశాం. ‘ఫెయిర్ కాపీ’ అన్నచోట ‘జస్ట్’ అన్న పర్యాయపదం ఎందుకు పొసగదో మీరు ఇంటిపనిలో రాసే ఉంటారు. ఆ కాపీ శుభ్రంగా తిరగరాసినది, న్యాయమైనది కాదు. ఈసారి తీసుకుంటున్న మాట ఇంకా చిన్నది. మన ఇళ్లలో ఇంగ్లీషు రానివాళ్లు కూడా రోజూ వాడేది. ‘ఫైన్ కట్టాను’ అంటాం, ‘అంతా ఫైన్’ అంటాం, బియ్యం బస్తా మీద ‘సూపర్ ఫైన్’ అని చదువుతాం. ఈ మూడింటిలోనూ మాట ఒకటే అయినా, మొదటిదానికి జరిమానా అని, రెండోదానికి క్షేమం అని, మూడోదానికి సన్నం అని అర్థం. పర్యాయపదాల పుస్తకం తెరిచి ‘ఫైన్’ కింద ఉన్న మాటల్లో ఏదో ఒకటి ఎంచుకుని పెట్టేస్తే వాక్యం నవ్వులపాలయ్యేది ఇందుకే.

ముందు వేరు ఎక్కడుందో చూద్దాం. లాటిన్‌లో ‘ఫీనిస్’ అంటే చివర, హద్దు. ‘ఫినిష్’, ‘ఫైనల్’, ‘డిఫైన్’, ‘కన్ఫైన్’, ‘ఇన్ఫినిట్’ అన్నీ ఆ వేరు నుంచి వచ్చిన కొమ్మలే. పాత ఫ్రెంచిలో ‘ఫినాన్స్’ అంటే బాకీ తీర్చి లెక్క ముగించడం. ఈనాటి ‘ఫైనాన్స్’ అక్కడి నుంచి వచ్చింది. ఒక పనిని చివరిదాకా చేసి, ఇక చేయవలసింది ఏమీ మిగలకుండా తీర్చిదిద్దితే అది ‘ఫైన్’ అయిన వస్తువు. ‘మేలైనది’ అన్న అర్థం ఈ దారిలో పుట్టింది. తీర్చిదిద్దిన పనిలో మోటుతనం పోయి నాజూకుతనం వస్తుంది కాబట్టి, ‘సన్ననిది’, ‘మెత్తనిది’ అన్న అర్థం దానికి పక్కన మొలిచింది.

మరి జరిమానా ఎలా వచ్చింది? అదీ ముగింపే. మధ్యయుగపు ఇంగ్లండులో భూమి తగాదాను రాజు న్యాయస్థానంలో రాజీతో ముగిస్తే ఆ ఒప్పందాన్నే ‘ఫైన్’ అనేవారు. 1195 నుంచి ఆ ఒప్పందాన్ని ఒకే తోలు పత్రం మీద మూడుసార్లు రాయడం మొదలుపెట్టారు. పైభాగంలో పక్కపక్కన రెండు ప్రతులు, అడుగున అడ్డంగా మూడోది. తర్వాత వాటిని తిన్నగా కాకుండా అలలు అలలుగా కత్తిరించేవారు. పై రెండూ ఇరుపక్షాలకు ఇచ్చి, అడుగు ముక్కను రాజు ఖజానాలో దాచేవారు. దొంగ పత్రం పుట్టించినవాడి ముక్క అంచులు అడుగు ముక్క అంచులతో కలిసేవి కావు. మన రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద ఎన్ని ముద్రలు పడ్డా ఇంత సులువైన పరీక్ష లేదనిపిస్తుంది. 1833లో చట్టం ఈ పద్ధతిని రద్దు చేసింది గాని, ఆ ముక్కలు లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో నేటికీ ఉన్నాయి. తగాదాను ముగించడానికి కట్టే సొమ్ముకు కూడా ఇదే పేరు పడి, చివరకు నేరానికి కట్టే సొమ్ముగా స్థిరపడింది.

వేరు తెలిసింది. ఇప్పుడు ఈ పాఠంలోని అసలు నేర్పుకు వద్దాం. ‘ఫైన్’ కనబడగానే దానికి సమానమైన మాట కోసం వెతకకండి, ముందు ఆ వాక్యంలో దానికి ఎదురు నిలిచే మాట ఏమిటో అడగండి. ఎదురు మాట దొరికితే సరైన పర్యాయపదం తనంతట తానే దారిలో పడుతుంది.

బియ్యం సంగతి తీసుకోండి. ‘ఫైన్ రైస్’కు ఎదురు ‘కోర్స్ రైస్’, అంటే దొడ్డు బియ్యం. కాబట్టి ఇక్కడ ‘ఫైన్’ అంటే సన్నం. బాపట్ల పరిశోధన కేంద్రం ఇచ్చిన బీపీటీ 5204, అంటే మనం సాంబ మసూరి అనేది, ఈ కోవకు చెందినదే. ఇక్కడ ‘ఎక్సలెంట్’ అని రాస్తే తప్పు. దొడ్డు బియ్యం కూడా ఎక్సలెంట్‌గా ఉండవచ్చు గదా! పిండికి, ఇసుకకు, దుమ్ముకు కూడా ఇదే లెక్క. గాలి కాలుష్యం గురించి రాసేటప్పుడు 2.5 మైక్రోమీటర్లు, అంతకంటే తక్కువ వ్యాసమున్న రేణువులను ‘ఫైన్ పార్టికల్స్’ అంటారు. అవి మేలైనవి కావు సరికదా, ఊపిరితిత్తుల లోలోపలికి చొరబడే ప్రమాదకరమైనవి. ‘ఫైన్ టూత్ కోమ్’ అంటే మన ఈర్పెన లాంటి దగ్గరి పళ్ల దువ్వెన. పోలీసులు ఒక గదిని దానితో వెతికారని ఇంగ్లీషులో రాస్తే, తెలుగులో ‘జల్లెడ పట్టారు’ అంటే సరిపోతుంది.

బంగారం దగ్గరికి వెళితే ఎదురు మాట మారుతుంది. ‘ఫైన్ గోల్డ్’ సన్ననిది కాదు, కల్తీ లేనిది. దానికి ఎదురు ‘అల్లాయ్‌డ్’, అంటే రాగి వంటి లోహం కలిసినది. మీ ఇంట్లో గాజులో గొలుసో ఉంటే వెలుతురులో పెట్టి లోపలివైపు చూడండి, హాల్‌మార్క్ పక్కన 916 అని చెక్కి ఉంటుంది. ఆ అంకెను ఇంగ్లీషులో ‘ఫైన్‌నెస్’ అంటారు. 1000 పాళ్లలో 916 పాళ్లు బంగారమని దాని అర్థం. 22ను 24తో భాగిస్తే వచ్చేది అదే, కాబట్టి అది 22 క్యారెట్ల నగ. 750 అని ఉంటే 18 క్యారెట్లు. మనవాళ్లు ‘మేలిమి’ అన్నదీ, ‘పదహారు వన్నెల బంగారం’ అన్నదీ ఈ కొలతనే. ఇక్కడ పర్యాయపదం ‘ప్యూర్’ మాత్రమే, ‘థిన్’ అని రాస్తే అర్థం తలకిందులవుతుంది.

క్రికెట్ చూసేవారికి ఇంకో తమాషా. ‘ఫైన్ లెగ్’లో నిలబడే ఫీల్డరు గొప్పవాడని కాదు. బ్యాట్స్‌మన్ వెనుకవైపు, పిచ్‌ను పొడిగించి గీసిన గీతకు దగ్గరగా, అంటే సన్నని కోణంలో నిలబడతాడని అర్థం. ఎదురు మాట అక్కడే ఉంది: ‘స్క్వేర్ లెగ్’.

‘ఫైన్ ఆర్ట్స్’ దగ్గర పరీక్ష కొంచెం మొరాయిస్తుంది. దానికి ఎదురు ‘కోర్స్ ఆర్ట్స్’ కాదు, ‘అప్లైడ్ ఆర్ట్స్’, ఉపయోగానికి పనికివచ్చే కళలు. మన ‘లలిత కళలు’ అన్న మాట ఆ తేడాను చక్కగా పట్టుకుంది.

ఇక సంభాషణ. ‘హౌ ఆర్ యూ’ అంటే ‘ఐయామ్ ఫైన్’ అని బడిలో అందరం వల్లెవేశాం. ఇక్కడ పర్యాయపదాలు ‘వెల్’, ‘ఆల్‌రైట్’. అయితే ‘వెరీ వెల్’ అన్నంత సహజంగా ‘వెరీ ఫైన్’ అనరు. ‘మరికాస్త టీ పోయనా’ అన్నప్పుడు ‘ఐయామ్ ఫైన్’ అంటే ‘బాగున్నాను’ అని కాదు, ‘వద్దు, చాలు’ అని. మా ఇంటికి వచ్చిన ఒక విదేశీ అతిథి అలా అంటే నేను సంతోషించి కప్పు నిండా పోశాను. పాపం, తాగాడు. ఇక కోపంతో ‘ఫైన్!’ అని విరిచేస్తే అది మన ‘సరే, నీ ఇష్టం’. మన ‘సరే’ కూడా అంతే కదా, గొంతును బట్టి ఒప్పుకోలూ అవుతుంది, అలకా అవుతుంది. ‘ఎ ఫైన్ మెస్’ అన్నది ఎత్తిపొడుపు. ‘భేషుగ్గా ఉంది నీ నిర్వాకం’ అన్నట్టు.

జరిమానా అర్థంలో ఒక్క జాగ్రత్త చాలు. నేరానికి శిక్షగా న్యాయస్థానం విధించేది ‘ఫైన్’. ‘పెనాల్టీ’ దానికంటే విశాలమైన మాట, ఒప్పందం తప్పినందుకు కట్టేది కూడా అందులోకి వస్తుంది. గడువు దాటాక కట్టే ‘లేట్ ఫీ’ శిక్ష కాదు, అదనపు రుసుము.

ఇంటిపని: ఈ నాలుగు వాక్యాల్లో ‘ఫైన్’కు ఎదురు మాటను ముందు రాసి, ఆ తర్వాతే పర్యాయపదం రాయండి. ‘ది శారీ హాజ్ ఎ ఫైన్ వీవ్.’ ‘రీడ్ ది ఫైన్ ప్రింట్ బిఫోర్ యూ సైన్.’ ‘వియ్ హ్యాడ్ ఫైన్ వెదర్ ఆల్ వీక్.’ ‘దేర్ ఈజ్ ఎ ఫైన్ లైన్ బిట్వీన్ కరేజ్ అండ్ ఫాలీ.’ నాలుగోది తొందరపడి రాయకండి, దానికి ఎదురు మాట ‘కోర్స్’ కాదు. జవాబులు వచ్చే పాఠంలో, ‘ఛార్జ్’ అన్న మాటతో పాటు చూద్దాం.